జపాన్ కొండలు: రైలు ఆగింది, బస్సు పోయింది. అలాంటి రోజు మీరేం చేశారు?

కొండదారి:
శనివారం దైబొసత్సు (2,057 మీటర్లు) ఎక్కుదామని నేనూ, మా ఆఫీసు వాళ్లు ఇద్దరూ చీకటుండగానే టోక్యోలోని నిషికసాయిలో బయలుదేరాం. తకావో దాటి లోయల్లోకి వెళ్లాక రైలు ఆగిపోయింది. ముందు వెళ్తున్న రైలుకి జింక తగిలిందట, పట్టాలు చూసేదాకా కదలదని చెప్పారు. అది ఎవరి తప్పూ కాదు. కానీ మేం కాయి-యమాతోలో దిగేసరికి, నడక మొదలయ్యే కమిహికవా కనుమకి వెళ్లే పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో పోతే ఎక్కి దిగేలోపే చీకటి పడుతుంది, నవంబర్‌లో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది కదా. స్టేషన్ బయట టాక్సీ లేదు, యాప్‌లో చూస్తే దగ్గర్లో బండి లేదంటోంది. అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాం, చాలా బాధేసింది. జపాన్ రైలు నిమిషం తప్పదని ఊళ్లో అందరూ అంటారు, సిటీలో చాలావరకు నిజమే, కొండ దగ్గరికొచ్చేసరికి ఒక్క బస్సు మీద రోజంతా ఆధారపడి ఉంటుంది. మీకు ఇలా జరిగినప్పుడు ఏం చేశారో వివరంగా రాయండి.

మెట్లబాట:
అన్నా, ఆ కొండకి ఇంకో దారి ఉంది. కాయి-యమాతోలో దిగకుండా ఇంకో రెండు స్టేషన్లు, ఎన్‌జాన్ దాకా వెళ్లు. అక్కడి నుంచి దైబొసత్సు కొండ కిందకి ఏడాదంతా బస్సు ఉంటుంది, స్టేషన్ దగ్గర టాక్సీలూ ఉంటాయి. కాయి-యమాతో బస్సు ఎక్కువగా శని, ఆదివారాలు, సెలవుల్లోనే తిరుగుతుంది, చలికాలంలో అదీ ఉండదు. కాకపోతే కమిహికవా కనుమ దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, కాబట్టి అటునుంచి ఎక్కడం తేలిక. ఎన్‌జాన్ వైపు నుంచైతే కాళ్లతో వెయ్యి మీటర్ల పైనే ఎక్కాలి. పొద్దున్నే అక్కడికి చేరితేనే ఆ దారి పట్టు.

యోకొహామా_వదిన:
మాది కితాదకే కథ. 3,193 మీటర్లు, ఫుజీ తర్వాత ఈ దేశంలో అదే ఎత్తు. కోఫు నుంచి, ఎక్కడం మొదలయ్యే హిరోగవారాకి బస్సులో రెండు గంటల ప్రయాణం, ఆ అడవి రోడ్డు మీదికి సొంత కార్లని అనుమతించరు. ముందు రోజు రాత్రి కుండపోత వాన, తెల్లారేసరికి ఆకాశం అద్దంలా ఉంది, అయినా రాళ్లు పడతాయని రోడ్డు తెరవలేదు, బస్సులన్నీ రద్దు. కోఫు స్టేషన్ ముందు బ్యాగులు వేసుకుని వరుసలో నిలబడ్డవాళ్లందరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. మావారు అప్పటికప్పుడు కొండ మీద మేం రాత్రి ఉండాల్సిన గుడిసెకి ఫోన్ చేసి రాలేమని, బుకింగ్ రద్దు చేయమని చెప్పారు. ఇది మాత్రం ఎవరూ మర్చిపోకండి, మనం చెప్పకుండా మానేస్తే దారిలో ఏమైందోనని వాళ్లు కంగారు పడతారు.

టైంటేబుల్:
వదినగారూ, బుకింగ్ రద్దు చేసినందుకు గుడిసె వాళ్లు డబ్బులేమైనా తీసుకున్నారా?

యోకొహామా_వదిన:
లేదండీ, రోడ్డు మూసేశారని వాళ్లకీ తెలుసు కాబట్టి తీసుకోలేదు. గుడిసెని బట్టి పద్ధతి మారుతుంది, బుక్ చేసేటప్పుడే అడిగి పెట్టుకోండి.

టైంటేబుల్:
బస్సులు తగ్గిపోవడం గురించి ఒక మాట. 2024 ఏప్రిల్ నుంచి ఇక్కడ డ్రైవర్ల ఓవర్‌టైంకి ఏడాదికి 960 గంటల పరిమితి వచ్చింది, ఒక డ్యూటీకి ఇంకో డ్యూటీకి మధ్య కనీసం 9 గంటల విశ్రాంతి ఇవ్వాలి. నన్నడిగితే మంచి రూలే, ఘాట్ రోడ్డు మీద నిద్రమత్తులో నడిపే డ్రైవర్ ఎవరికీ వద్దు. కానీ అసలే డ్రైవర్లు దొరకట్లేదు, దాంతో పల్లెల్లో, కొండల్లో ట్రిప్పులు కోసేస్తున్నారు. పాత బ్లాగుల్లో ఉన్న టైంలు నమ్మొద్దు. ముందు రోజు రాత్రి కంపెనీ పేజీలోనే చూడండి, మామూలు రోజుల టైంలు వేరు, శని ఆదివారాలవి వేరు.

మబ్బుల్లో:
ఇంత టెన్షన్ ఎందుకు, కారు అద్దెకి తీసుకోండి. మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, దాని గడువు తీరకపోతే, ఇక్కడ దిగిన రోజు నుంచి ఏడాది వరకు పనిచేస్తుంది.

మెట్లబాట:
బ్రో, కారైతే ఎక్కిన చోటే దిగాలి. ఒకవైపు ఎక్కి రెండోవైపు దిగే దారులన్నీ వదులుకోవాలి, నాకు అసలు ఇష్టమైనవే అవి. పైగా కమికోచి, హిరోగవారా లాంటి చోట్ల కారు లోపలికి వెళ్లనే వెళ్లదు. పన్నెండు గంటలు నడిచి అలసిపోయి టోక్యో దాకా డ్రైవింగ్ అంటే నాకు భయం కూడా.

ఓపికపాటి:
నేను చేసేది చెప్తాను. అదే లైన్లో స్టేషన్ నుంచే నడక మొదలయ్యే కొండ ఒకటి ముందే చూసి, మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాను. కొండదారి గారు వెళ్లిన వైపే తొరిసావాలో దిగితే ఓగియమా (1,138 మీటర్లు) ఉంది, అక్కడి నుంచి మొమొకురా (1,003) మీదుగా సరుహషి స్టేషన్‌కి దిగొచ్చు, బస్సుతో పనే లేదు. ఓమే లైన్ వైపైతే ఇకుసబతాలో దిగి తకామిజు మూడు కొండలూ దాటి మితాకే స్టేషన్‌కి వచ్చేయొచ్చు. ఇవి చిన్న కొండలని చులకన చేయకండి, ఓగియమా మీద నుంచి తేటగా ఉన్న రోజు ఫుజీ కనిపిస్తే ఆ రోజు వృథా అయిందని అస్సలు అనిపించదు.

నీలిగొడుగు:
తనిగవాదకే కొండకి వెళ్లేవాళ్లకి ఒక మాట. దాని దగ్గరున్న దోయాయ్ స్టేషన్‌కి రోజుకి ఐదారు రైళ్లే, మినకమిలో మారాలి. కిందటి రైలు ఆలస్యమై అది తప్పితే గంటలు గంటలు కూర్చోవాలి. మినకమి స్టేషన్ ముందు రోప్‌వేకి బస్సు ఉంటుంది, అది చూసుకోండి. దోయాయ్‌లో అటు వెళ్లే రైలు సొరంగంలో ఆగుతుంది, గేటు దాకా 486 మెట్లు, కొండ ఎక్కకముందే కాళ్లు వణుకుతాయి.

కొండదారి:
అందరికీ థాంక్స్. వచ్చే శనివారం ఎన్‌జాన్ వైపు నుంచి వెళ్తున్నాం, టాక్సీకి ఈరోజే ఫోన్ చేసి చెప్పేశాను. రైలు మళ్లీ ఆగితే తొరిసావాలో దిగి ఓగియమా. టాక్సీలో ఒక సీటు ఖాళీ ఉంది, ఎవరైనా వస్తారా?

నీలిగొడుగు:
నేను వస్తాను. తకావోలో ఎక్కుతా, ఏ రైలో చెప్పండి.