ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లలో మెనూ శాఖల వారీగా ఉండాలా, అవసరాల వారీగా ఉండాలా?

మీసేవ_మిత్రుడు:
ప్రభుత్వ సేవల సైటు తెరవగానే రెవెన్యూ, పురపాలక, పౌర సరఫరాలు అంటూ శాఖల పట్టిక ఎదురవుతుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం కావలసిన విద్యార్థికి, దాన్ని ఇచ్చేది తహసీల్దారని, కాబట్టి రెవెన్యూ శాఖ కింద వెతకాలని ముందే తెలిసి ఉండాలి. బ్రిటన్‌లో 2012 అక్టోబరులో డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే ప్రభుత్వ సైట్ల స్థానంలో గవ్.యూకే వచ్చింది. అందులో సేవలు జననం, మరణం, వివాహం, వాహనాలు వంటి శీర్షికల కింద ఉంటాయి. మన దగ్గరా అదే పద్ధతి రావాలని నా అభిప్రాయం.

విశ్రాంత_రెవెన్యూ:
నేను ఏకీభవించను. ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కుల రికార్డుపై తహసీల్దారు ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే, 1971 నాటి చట్టం ప్రకారం ఆర్డీవో (రెవెన్యూ డివిజనల్ అధికారి) వద్ద అప్పీలు చేసుకోవాలి. శాఖ పేరు కనబడకుండా చేస్తే, దరఖాస్తు తిరస్కరణకు గురైన రైతు ఎవరి గుమ్మం ఎక్కాలో ఎలా తెలుస్తుంది? సేవ పేరు తెలిసినవారికి వెతికే పెట్టె ఎలాగూ ఉంది కదా.

అక్షర_శిల్పి:
ఆ పెట్టె మీదే నాకు నమ్మకం లేదు. మనలో చాలామంది 'ధ్రువీకరణ' అనవలసిన చోట 'ధృవీకరణ' అని రాస్తారు. మనకు రెండూ ఒకే మాట, కానీ ఒక దానిలో రకారం, మరో దానిలో ఋకారం ఉన్నందున యంత్రానికి అవి వేరు వేరు అక్షరాల వరుసలు. రెండింటినీ ఒకటిగా చూడాలని ముందే చెప్పి ఉంచకపోతే ఫలితాలు శూన్యమని వస్తుంది, అడిగినవారు ఆ సేవే లేదనుకొని వెనుదిరుగుతారు. పొలం, పంట వివరాలుండే రికార్డును ఆంధ్రలో అడంగల్ అంటే, తెలంగాణలో పహాణీ అంటారు. మెనూ రాసే అధికారికి తెలిసిన పేరొక్కటే పెడితే రెండో ప్రాంతం వారికి దారి మూసినట్టే.

అందుకే శీర్షికలను కార్యాలయంలో కూర్చొని నిర్ణయించకూడదు. సేవల పేర్లను చీటీల మీద ఒక్కొక్కటిగా రాసి, మీసేవ కేంద్రానికి వచ్చినవారికే ఇచ్చి, వేటిని ఒకచోట పెడతారో, ఆ కట్టకు ఏ పేరు పెడతారో చూడాలి. చదువు, పొలం, రేషన్ అని వారు పెట్టే పేర్లే మెనూకు సరిపోతాయి. పెద్దవారు చెప్పిన జవాబుదారీ అంశం న్యాయమైనదే. దాని స్థానం మాత్రం సేవ పేజీలో. పత్రం జారీ చేసే అధికారి, గడువు, అప్పీలు ఎవరికి చేసుకోవాలి అన్న మూడూ దరఖాస్తు బొత్తం పక్కనే ఉండాలి.

విశ్రాంత_రెవెన్యూ:
ఆ మూడూ పేజీలో తప్పనిసరి చేస్తే నా అభ్యంతరం చాలావరకు తీరుతుంది. అయితే పట్టాదారు పాసుపుస్తకం కోసం ఒకరు 'పొలం' కింద, బ్యాంకు రుణానికి తిరిగేవారు 'రుణాలు' కింద వెతుకుతారు. రెండు చోట్లా రెండు పేజీలు పెడితే, నిబంధన మారినప్పుడు ఒకటి సరిదిద్ది రెండోది మరిచిపోవడం నా ఉద్యోగంలో ఎన్నోసార్లు చూశాను.

అక్షర_శిల్పి:
పేజీ ఒకటే ఉంచి, రెండు శీర్షికల నుంచీ దానికే లింకు ఇవ్వాలి. సరిదిద్దేది ఒక్కచోటే.