5 డాలర్ల సిగార్‌కూ 20 డాలర్ల సిగార్‌కూ రుచిలో నిజంగా అంత తేడా ఉంటుందా?

టాంపా_తెలుగు:
నేను ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటున్నాను. ఇక్కడి ఈబోర్ సిటీ 19వ శతాబ్దం చివరి నుంచి సిగార్ల తయారీకి పేరుపొందిన పేట కాబట్టి మంచి దుకాణాలకు కొదవ లేదు. వారాంతంలో ఒక సిగార్ కాల్చే అలవాటుంది. ఇంతవరకూ 5, 6 డాలర్లకు దొరికే నికరాగువా సిగార్లతోనే సరిపెట్టుకుంటున్నాను. ఈమధ్య ఒక మిత్రుడు పాద్రోన్ 1964 యానివర్సరీ అనే ఖరీదైన సిగార్ ఇచ్చారు. కోకో, వేయించిన కాఫీ గింజల రుచి చివరిదాకా నిలిచింది, ఎక్కడా గొంతు పట్టలేదు. బాగుందనడంలో సందేహం లేదు కానీ, ధరకు తగ్గట్టు మూడు నాలుగు రెట్లు బాగుందని మాత్రం చెప్పలేను. ఆ అదనపు సొమ్ము ఆకుకు పోతోందా, పన్నుకు పోతోందా, లేక పేరుకు పోతోందా అన్నది తెలిసినవారు వివరించగలరు.

ఆకు_ఈనె:
ముందు పన్ను సంగతి తేల్చేద్దాం. ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఒక్కో సిగార్‌కు దాదాపు 40 సెంట్లు మించకూడదన్న పరిమితి ఉంది, పైగా మీ ఫ్లోరిడా రాష్ట్రం సిగార్ల మీద ప్రత్యేకంగా పొగాకు పన్ను వేయదు. కనుక మీరు చూసిన తేడాకు పన్ను కారణం కాదు.

రుచిలో అసలైన పెద్ద మెట్టు 5 డాలర్లకూ 20 డాలర్లకూ మధ్య లేదు. అది యంత్రంతో చేసిన సిగార్‌కూ చేతితో చుట్టిన సిగార్‌కూ మధ్య ఉంది. పెట్రోలు బంకుల్లో అమ్మే యంత్రపు సిగార్లలో తరిగిన ముక్కలు నింపుతారు, చాలావాటికి పైన ఆకు కూడా ఉండదు, పొగాకు పొడిని గుజ్జు చేసి పరిచిన రేకు చుడతారు. చేతితో చుట్టిన మంచి సిగార్‌లో ఫిల్లర్, అంటే లోపల నింపే ఆకులు, ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడవుగా సాగుతాయి. మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలి మందంగా పెరిగే లిహేరో ఆకు ఘాటునిస్తుంది గానీ నెమ్మదిగా అంటుకుంటుంది. అందువల్ల దాన్ని నడిమధ్యన పెట్టి, చుట్టూ తేలికగా కాలే కింది ఆకులు అమర్చాలి. ఈ అమరిక తప్పితే ఒక పక్కే కాలుతూ పోతుంది. మీ 5 డాలర్ల నికరాగువా సిగార్ పొడవాకుతో చేసినదైతే ఈ మెట్టు మీరు ఎప్పుడో ఎక్కేశారు.

ఆపైన మీరు చెల్లించేది ప్రధానంగా కాలానికి. ఆకును మండె వేసి, అంటే కుప్పగా పేర్చి, మగ్గబెట్టినప్పుడే అమ్మోనియా పోయి ముక్కుకు తగిలే కరుకుదనం తగ్గుతుంది. మగ్గిన తరువాత కూడా గోదాములో ఏళ్ల తరబడి ఉంచుతారు. మీరు కాల్చిన 1964 సిరీస్‌కు నాలుగేళ్లు నిల్వచేసిన ఆకు వాడతామని పాద్రోన్ వారే చెబుతారు. నాలుగేళ్లపాటు సరుకులో ఇరుక్కున్న పెట్టుబడికి ఎవరో ఒకరు వడ్డీ కట్టాలి కదా! మీ గొంతు పట్టకపోవడానికి కారణం ఆ నిల్వే. పై ఆకు, అంటే రేపర్, మరో ఖర్చు. చిల్లు గానీ మచ్చ గానీ లేని ఆకే దానికి పనికివస్తుంది. కనెక్టికట్‌లో పొలం మీద గుడ్డ పందిళ్లు వేసి నీడలో పెంచుతారు. ఈక్వడార్‌లో మబ్బులే ఆ పని చేసిపెడతాయి.

లంక_పొలం:
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలనుకుంటున్నాను. మాది కోనసీమ. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన చుట్టలు కాల్చే పెద్దల మధ్య పెరిగినవాణ్ని. ఆ ఘాటుకు అలవాటుపడినవారికి ఏ ఖరీదైన సిగార్ ఇచ్చినా చప్పగానే తోస్తుంది, కాబట్టి ఘాటును బట్టి నాణ్యతను లెక్కగట్టకూడదు. నా అభిప్రాయంలో చవకరకం బయటపడేది చివరి మూడో వంతులో: వేడెక్కి, చేదు తిరిగి, నాలుక మీద వగరు మిగులుతుంది. అలాగని ప్రతి చేదుకూ సిగార్‌నే నిందించలేము. బీడీ కాల్చినట్టు గబగబా లాగితే ఎంతటి సిగారైనా చేదెక్కుతుంది, నిమిషానికి ఒక దమ్ము చాలు.

రెండింటినీ న్యాయంగా పోల్చాలంటే ఒకే సైజువి తీసుకుని, 65–70 శాతం తేమలో కొన్ని వారాలు పక్కపక్కనే ఉంచి, బ్రాండు పేరుండే ఉంగరపు కాగితం తీసేసి, ఏది ఏదో తెలియకుండా వేరొకరి చేత ఇప్పించుకోండి. ఇక ఆరోగ్యం విషయానికి వస్తే, ఖరీదైన పొగ తక్కువ హాని చేస్తుందన్న భ్రమ ఎవరికీ వద్దు.

పినార్_పొగ:
లండన్ నుంచి రాస్తున్నాను. అమెరికాలో అమ్మకూడని క్యూబా సరుకు ఇక్కడ బహిరంగంగానే అమ్ముతారు కాబట్టి ఆ కోణం చెబుతాను. 2022లో క్యూబా సిగార్లను ప్రపంచానికి అమ్మే హబానోస్ సంస్థ తన కొహీబా, త్రినిదాద్ బ్రాండ్ల సిగార్ల ధరలను ప్రపంచమంతటా హాంకాంగ్ స్థాయికి సమం చేసింది. కొన్ని దేశాల్లో రెట్టింపు దాటింది. సిగార్ మాత్రం నిన్నటిదే! కొహీబాలో కొన్ని ఆకులను పీపాల్లో మూడోసారి మగ్గబెడతారన్నది నిజమే గానీ, ఆ పని ధర పెరగకముందూ జరిగేది. అదే క్యూబాలో హోసే ఎల్. పియెద్రా అనే చవక సిగార్ ఉంది. చేతితోనే చుడతారు, లోపల మాత్రం తరిగిన ఆకు ఉంటుంది. మోటుగా ఉంటుంది, నుసి రాలుతూ ఉంటుంది. అయినా పొద్దున కాఫీతో నాకు అదే ఇష్టం. అతి ఖరీదైన పేరుకే నకిలీల బెడద కూడా ఎక్కువ. గాజు మూత పెట్టెలో కొహీబా కనిపిస్తే అది నకిలీయే, బేరమాడే పని కూడా పెట్టుకోవద్దు.

టాంపా_తెలుగు:
ముగ్గురికీ ధన్యవాదాలు. అయితే మామూలుగా కాల్చడానికి ఇప్పుడు కొంటున్నదే ఉంచుకుని, 20 డాలర్ల మెట్టుకు వెళ్లకుండా ఆ మగ్గిన ఆకు రుచి దక్కించుకునే దారి ఏదైనా ఉందా?

ఆకు_ఈనె:
ఉంది. అదే సిరీస్‌లో చిన్న సైజు అడగండి. సన్నని సిగార్‌లో ఫిల్లర్‌తో పోలిస్తే రేపర్ వాటా ఎక్కువ, కాబట్టి ఆ ఖరీదైన పై ఆకు రుచి ఇంకా బాగా తెలుస్తుంది. ధర తక్కువ, అరగంటలో అయిపోతుంది. ఇంకొకటి, పై ఆకు రంగు కలవలేదన్న కారణంతో పక్కన పెట్టినవాటిని ఉంగరం లేకుండా కట్టలుగా అమ్ముతారు. అలాంటి కట్ట కనిపిస్తే ముందు ఒక్కటి విడిగా కొని కాల్చి చూడండి, ఎందుకంటే కట్టకూ కట్టకూ పొంతన ఉండదు.