కిల్ట్ అంటే గళ్ళ లంగాయేనా?

ప్రశ్న: ఒక అనువాద కథలో స్కాట్లండ్ సిపాయి "గళ్ళ లంగా కట్టుకుని" వచ్చాడు. చదవగానే నవ్వొచ్చింది. గళ్ళుండి, మగవాళ్ళు కట్టుకుంటే కిల్ట్ అయిపోతుందా? అసలు ఏముంటే కిల్ట్ అంటారు?

జవాబు: ముందు గళ్ళ సంగతి తేల్చేద్దామండి. ఐరిష్ రెజిమెంట్లలో బ్యాగ్‌పైప్ ఊదేవాళ్ళది గళ్ళే లేని కుంకుమపువ్వు రంగు కిల్ట్. అదీ కిల్టే.

చూడాల్సింది కుచ్చిళ్ళు ఎక్కడున్నాయని. చీరకు ముందుకొస్తాయి, కిల్ట్‌కి వెనక్కి. ముందువైపు రెండు పొరలు సాపుగా ఒకదాని మీదొకటి పడతాయి. పై పొర కుడిపక్కకు వచ్చి తోలు పట్టీతో బిగుస్తుంది. పూర్తి కిల్ట్‌కి సుమారు 8 గజాల ఉన్ని గుడ్డ పడుతుంది, అందులో చాలాభాగం వెనక మడతల్లోకే పోతుంది. పనితనమంతా అక్కడే. మడతలు పేర్చాక కూడా గళ్ళ వరస ఎక్కడా తెగకూడదు. సైన్యం కిల్టుల్లో అయితే మడత మడతకీ ఒకే చార నిలువుగా రావాలి. కింద మడిచి కుట్టరు, మగ్గం మీద వచ్చిన అంచునే ఉంచేస్తారు. మన దర్జీకిస్తే ముందు కిందే మడిచేస్తాడు!

ఇంకొకరు: మొదట్లో కుట్టే లేదు కదండీ? స్కాట్లండ్ కొండప్రాంతం హైలాండ్స్‌లో 16వ శతాబ్దం చివర నుంచీ పెద్ద గుడ్డని నడుముకి బెల్టుతో బిగించి, మిగిలింది భుజాన వేసుకునేవారు.

జవాబు: నిజమే, దాన్ని "పెద్ద కిల్ట్" అంటారు. పై సగం పోయి నడుము కిందిదే మిగిలింది 18వ శతాబ్దం మొదట్లో. రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప బట్టీల యజమాని 1720ల్లో తన పనివాళ్ళ కోసం అలా చేయించాడని ఒక వాదం. స్కాట్లండ్‌లో చాలామందికి ఆ మాటెత్తితే మంట. 1746 చట్టం హైలాండ్ బట్టల్ని నిషేధిస్తూ "లిటిల్ కిల్ట్" అని పేరుపెట్టి మరీ రాసింది. 1782లో ఎత్తేశారు. మాట అంతకన్నా పాతది. స్కాట్స్ భాషలో కిల్ట్ ముందు క్రియ, బట్ట ఎగ్గట్టడం అని.

కాబట్టి చుట్టి కట్టేది, ముందు సాపు, వెనక కుచ్చిళ్ళు, మోకాలి దాకా పొడవు. గ్రీసు మగవాళ్ళు కట్టే ఫుస్తనెల్లాకి చుట్టూ కుచ్చిళ్ళే, నా లెక్కలో అది కిల్ట్ కాదు. అనువాదంలో కిల్ట్ అనే ఉంచమనండి. లంగాకి బొందుంటుంది, దీనికి పట్టీ.