రాత్రిపూట ఎడారిలో ఫొటోలు తీసేవాళ్లు తేళ్ల విషయంలో ఏం జాగ్రత్త తీసుకుంటారు?

నమస్కారమండీ. మేము అరిజోనాలో ఫీనిక్స్ దగ్గర ఉంటాం. పాలపుంత ఫొటోల కోసం అమావాస్య రోజుల్లో సూపర్‌స్టిషన్ కొండల వైపు వెళ్తుంటాను. పోయిన శనివారం ఒక సగారో కాక్టస్ దగ్గర ట్రైపాడ్ పెట్టి, బ్యాగు పక్కనే నేల మీద వదిలేశాను. గంటన్నర తర్వాత బ్యాగు తీయబోతూ, ఎందుకో యూవీ టార్చి (అతినీలలోహిత కాంతిది, దాని వెలుగులో తేళ్లు మెరుస్తాయి) వేసి చూశాను. పట్టీ అడుగున తలకిందులుగా అతుక్కుని, ఆకుపచ్చగా మెరుస్తూ తేలు! రెండంగుళాలుంటుందేమో. సన్నటి తోకని పక్కకి చుట్టుకుని కదలకుండా ఉంది. మామూలు లైటులో చూస్తే లేత పసుపు, మట్టిలో కలిసిపోయే రంగు. ఇంటికొచ్చి చూసుకుంటే అది బార్క్ స్కార్పియన్. ఇక్కడి తేళ్లలో విషం ఎక్కువ ఉన్నది అదే. ఇంకా చేతులు వణుకుతున్నట్టే ఉంది.

బ్యాగు ట్రైపాడ్‌కి తగిలిస్తే చాలనుకున్నాను, కానీ ఇవి ఎక్కగలవు కదా? మీరు బ్యాగు ఎక్కడ పెడతారు? ఎక్స్‌పోజర్ నడుస్తుండగా, అంటే కెమెరా షట్టర్ తెరిచి ఉన్నంతసేపు, టార్చి వేస్తే ఫొటో పాడవుతుంది, మరి మధ్యలో చుట్టూ ఎలా చూసుకుంటారు? యూవీ టార్చి 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది తీసుకోవాలా, 395 సరిపోతుందా?

అసలు టెన్షన్ మా పాప గురించి. ఆరేళ్లది, ఈసారి తనూ వస్తానంటోంది. చిన్నపిల్లలకి ఈ విషం బాగా ఎక్కుతుందట. విరుగుడు మందు 2011 నుంచి ఉంది, కానీ కొండల్లోంచి ఆసుపత్రికి చేరాలి కదా. పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.