తల్లీబిడ్డల బృందానికి కోత: కౌన్సిల్ డబ్బు పెట్టాలా, వద్దా? (ఇంగ్లాండ్‌లో ఉన్నవాళ్ళకి)

పుదీనాపచ్చడి
మా కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వచ్చే ఏడాది బడ్జెట్ మీద జనం అభిప్రాయం అడుగుతోంది. కోతల పట్టికలో ఎక్కడో కింద ఒక వరుస: ఫ్యామిలీ హబ్‌లో (చిన్నపిల్లల కుటుంబాలకి సాయం చేసే కేంద్రం) తల్లీబిడ్డల బృందాన్ని ఎత్తేస్తారట. ఇద్దరు థెరపిస్టులు, ఒక సపోర్ట్ వర్కర్, అంతే బృందం. రెండేళ్ళలోపు పిల్లలున్న అమ్మానాన్నల మనసు బాగోలేనప్పుడు, బిడ్డతో దగ్గరితనం కుదరనప్పుడు చూసేది వీళ్ళే. పోయినేడు నేనూ వెళ్ళాను. మనవాళ్ళు ఈ ఫారాలు నింపరు. ఈసారి నింపండి, కోత వద్దని రాయండి.

లెక్కలమాస్టారు
నింపుతానమ్మా, కానీ కోత సరేనని రాస్తాను. తిట్టుకోకండి. మనసు జబ్బు సర్కారు వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ చూడాల్సింది. దానికి పన్ను కడుతున్నాం, వీసా మీద ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళకి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జీ అదనంగా కడుతున్నారు. ఇక్కడ కౌన్సిల్ ట్యాక్స్ ఏటా 4.99 శాతం పెరుగుతోంది, రెఫరెండం లేకుండా పెంచుకోగలిగిన హద్దు అదే గనక. ఆ పెరిగిందంతా వృద్ధుల సంరక్షణకీ, కౌన్సిల్ పెంపకంలో ఉన్న పిల్లలకీ పోతోంది. అవి చట్టం ప్రకారం చేసి తీరాల్సినవి, ఇది కాదు. బర్మింగ్‌హామ్ 2023 సెప్టెంబరులో సెక్షన్ 114 నోటీసు (ఖర్చులకి డబ్బు చాలదనే ప్రకటన) ఇచ్చి చేతులెత్తేసింది, మరుసటి ఏడు పన్ను 9.99 శాతం పెంచింది. అన్నానికే బియ్యం చాలనప్పుడు పాయసం వండుతామా?

నైట్‌డ్యూటీ
మాస్టారూ, చిక్కంతా ఆ "ఎన్‌హెచ్‌ఎస్ చూడాల్సింది" దగ్గరే ఉంది. నేను అందులోనే మెంటల్ హెల్త్ నర్సుని. మా పెరినాటల్ టీమ్ (కాన్పుకి ముందూ తర్వాతా తల్లుల మనసు జబ్బు చూసేవాళ్ళు) దాకా వచ్చేవి బాగా ముదిరిన కేసులు. "పాపని ఎత్తుకుంటే నాకేమీ అనిపించట్లేదు" అనే అమ్మాయి మా దాకా రాదు, జీపీ (ఇంటి దగ్గరి డాక్టరు) రాసిన మాత్రతో ఇంటికి పోతుంది. తల్లిని చూసేవాళ్ళున్నారు, బిడ్డ బరువు తూచేవాళ్ళున్నారు. ఇద్దరినీ కలిపి చూసేవాళ్ళే తక్కువ. కౌన్సిల్‌కి సంబంధం లేదనడం కూడా కుదరదు. పసిపిల్లల ఇళ్ళకి వచ్చి చూసే నర్సులు, అంటే హెల్త్ విజిటర్ల బాధ్యత 2015 అక్టోబరు నుంచి కౌన్సిళ్ళదే.

పాయసం అన్నారు కాబట్టి ఒక్క మాట. కాన్పయిన ఆరు వారాల నుంచి ఏడాదిలోపు, కాన్పుతో నేరుగా ముడిపడి తల్లులు చనిపోయే కారణాల్లో ఈ దేశంలో మొదటిది ఆత్మహత్య.

గోదారోడు
మా నాయనమ్మ తొమ్మిదిమందిని కంది, ఏ థెరపిస్టు దగ్గరికెళ్ళింది? మనకి అమ్మలొస్తారు, అత్తలొస్తారు, పురుడు పోస్తారు. తెల్లోళ్ళకి ఆ దిక్కు లేక ఇవన్నీ పెట్టుకున్నారు.

పుదీనాపచ్చడి
అన్నా, మీ నాయనమ్మ తొమ్మిదిమందినీ ఒంటిచేత్తో పెంచిందా? వాకిట్లో పది మంది ఆడవాళ్ళుండేవారు.

మా అమ్మా వచ్చింది, ఆరు నెలల విజిటర్ వీసా మీద. పథ్యం కూరలు, వాము నీళ్ళు, సాంబ్రాణి పొగ (ఫ్లాట్‌లో ఫైర్ అలారం మోగి పక్కింటాయన పరిగెత్తుకొచ్చాడు), అన్నీ జరిగాయి. ఏడో వారంలో హెల్త్ విజిటర్ వచ్చి ఎడిన్‌బరో స్కేల్ అని కాన్పు తర్వాతి దిగులుని కొలిచే పది ప్రశ్నల కాగితం చేతిలో పెట్టింది. చివరి ప్రశ్న, నాకు నేను హాని చేసుకోవాలనే ఆలోచన వచ్చిందా అని. అమ్మ పక్కనే పాపని పడుకోబెట్టుకుని కూర్చుంది. అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు గానీ నా మొహం చదవడం వచ్చు. "ఎప్పుడూ లేదు" దగ్గర టిక్కు పెట్టి కాగితం తిరిగిచ్చేశాను.

అమ్మని హీత్రూలో దింపి వచ్చాక ఇల్లు నా మీద పడింది. పాప ఏడుస్తుంటే వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నిలబడేదాన్ని. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా అదే. హబ్‌లో పాటల గ్రూపుకి వెళ్తే అక్కడి సపోర్ట్ వర్కర్ కనిపెట్టింది. పాపకి అరటిపండు తినిపిస్తుంటే ఐదు నిమిషాలు వీడియో తీసింది. తర్వాతి వారం నన్ను కూర్చోబెట్టి, ఒక చోట ఆపి, "ఇక్కడ నువ్వేం చేస్తున్నావో చూడు" అంది. పాప నోరు తెరిచినప్పుడల్లా నేనూ నోరు తెరుస్తున్నాను. నాకు తెలియనే తెలియదు. ఆ ముక్క నాలుగుసార్లు వేయించుకుని చూశాను. మాస్టారూ, ఆవిడ ఉద్యోగమే ఆ పట్టికలో ఉంది.

డిపెండెంట్‌వీసా
అక్కా, మాకు వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉంది, అంటే సర్కారు సాయం తీసుకోకూడదని. హబ్‌కి వెళ్తే రేపు ఐఎల్‌ఆర్‌కి (ఇక్కడే స్థిరపడే అనుమతికి) అడ్డమొస్తుందంటారు మా ఆయన. బాగోలేదని చెబితే సోషల్ సర్వీసెస్ వాళ్ళు పిల్లని తీసుకుపోతారని మా ఫ్రెండ్ భయపెట్టింది.

నైట్‌డ్యూటీ
వెళ్ళమ్మా. పబ్లిక్ ఫండ్స్ అంటే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, కౌన్సిల్ ఇల్లు లాంటివి. రూల్స్‌లో వాటి జాబితా ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం అందులో లేదు, హెల్త్ విజిటర్ లేదు, హబ్‌లో పాటల గ్రూపూ లేదు. ఏడుపొస్తోందని చెప్పినందుకు పిల్లని లాక్కోరు. తీవ్రమైన హాని జరుగుతోందనో, జరగబోతోందనో కోర్టు నమ్మాలి. మరీ తట్టుకోలేని రోజు ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళ 111కి ఫోన్ చేసి 2 నొక్కు, రాత్రయినా పర్వాలేదు.

లెక్కలమాస్టారు
పచ్చడమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా లెక్క వదలను. ఇలాంటిదే ష్యూర్ స్టార్ట్ అని, చిన్నపిల్లల కుటుంబాల కోసం సర్కారు పథకం, 1999లో మొదలై 2010 నాటికి 3,600 సెంటర్ల దాకా పాకింది. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు తవ్వి తీస్తే, పెట్టిన పౌండుకి రెండు పౌండ్ల లాభం తేలింది. ఆ మాట అందరూ చెబుతారు. పిల్లల చదువులో కనబడ్డ లాభం మాత్రం మొదట్లో డబ్బు దండిగా ఇచ్చి, ఊరివాళ్ళ చేతిలో పెట్టిన సెంటర్లదే. తర్వాత పల్చగా పరిచినవాటిలో ఆ ఫలితం లేదు. ఇప్పుడూ అంతే. 2022 నుంచి 75 కౌన్సిళ్ళకి 300 మిలియన్ పౌండ్లు ఇచ్చారు, అందులో మూడో వంతు ఈ తల్లీబిడ్డల పనికే. 2025 జులైలో ప్రతి కౌన్సిల్‌కీ బెస్ట్ స్టార్ట్ హబ్‌లన్నారు, 500 మిలియన్లకి పైనే. లండన్ ఇస్తుంటే మన కౌన్సిల్ ట్యాక్స్ ఎందుకు?

నైట్‌డ్యూటీ
లండన్ ఇచ్చేది రెండేళ్ళకో మూడేళ్ళకో. ఆ డబ్బుతో పెట్టుకున్న థెరపిస్టు కాంట్రాక్ట్ మార్చి 31 దాకా. జనవరి నుంచే వేరే ఉద్యోగం వెతుక్కుంటుంది, కొత్త కేసు తీసుకోదు. మా దగ్గర చూస్తూనే ఉన్నాను. మళ్ళీ డబ్బొచ్చాక కొత్తవాళ్ళని పెట్టి, శిక్షణ ఇచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకి అప్పటికి నడకొచ్చేస్తుంది. మధ్యలో ఆ ముగ్గురి జీతం నిలబెట్టడానికే కౌన్సిల్ సొంత డబ్బు కావాలి.

లెక్కలమాస్టారు
ముగ్గురి జీతమేనా? అలా అయితే ఒప్పుకుంటాను. హబ్ బోర్డులు మార్చడం, కొత్త యాప్, ఇవి ఆపి ఆ ముగ్గురినీ ఉంచమని రాస్తాను. పన్ను పెంచమని మాత్రం చచ్చినా రాయను.

పుదీనాపచ్చడి
అదే రాయండి మాస్టారూ, ఏడో ప్రశ్న కింద ఖాళీ పెట్టె ఉంది. శుక్రవారం ఆఖరి రోజు. గోదారోడు అన్నా, మీ సంగతి?

గోదారోడు
మా ఆవిడ నింపుతోంది. నన్ను చూడనివ్వట్లేదు.