రోమ్‌లో ఉన్న కూటమి వల్ల అరెకరం రైతుకు ఒరిగేదేమిటి?

ప్రశ్న

గ్రామీణాభివృద్ధి చదువుతున్నాను. భూమి హక్కుల కోసం పనిచేసే సంస్థల కూటమి, రోమ్‌లో కార్యాలయం ఉన్న ఇంటర్నేషనల్ ల్యాండ్ కొయలిషన్ గురించి వ్యాసం రాయాలి. ఆకలి, పేదరికాల మీద 1995లో బ్రస్సెల్స్‌లో జరిగిన సమావేశం నుంచి ఇది పుట్టిందనీ, ఇప్పుడు 300కు పైగా సంస్థలు ఇందులో ఉన్నాయనీ తెలిసింది. కానీ భూమి చట్టాలు చేసేది ఆయా ప్రభుత్వాలు. పట్టా ఇచ్చేదీ, రద్దు చేసేదీ అవే. అలాంటప్పుడు ఇంత పెద్ద కూటమి అరెకరం దున్నుకునే మనిషికి ఏం చేయగలదు?

మొదటి జవాబు

పట్టా ఇప్పించలేదు. అది ముందే ఒప్పుకోవాలి. భూమి తగాదాల్లో పేదల తరఫున అర్జీలు రాసిపెట్టడం నా పని కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. అధికారి ముందు కంపెనీ మనిషి ఒప్పందం, నక్షా, సర్వే అన్నీ పరుస్తాడు. తరతరాలుగా అక్కడ పశువులను మేపుకున్నవాళ్ల దగ్గర చూపించడానికి కాగితం ముక్క ఉండదు. రికార్డుల్లో ఆ నేల ప్రభుత్వ బీడుగా ఉంటుంది. అన్యాయం సగం అక్కడే జరిగిపోతుంది.

ఈ కూటమి మరికొన్ని పరిశోధన సంస్థలతో కలిసి నడిపే ల్యాండ్ మ్యాట్రిక్స్ అనే సమాచార నిధిని చూడండి. 200 హెక్టార్లు, అంతకు మించిన భూ ఒప్పందాల వివరాలు అందులో చేరుస్తారు. ఒక్కో ఒప్పందానికి విస్తీర్ణం మూడు రకాలుగా ఉంటుంది: కంపెనీ అడిగింది, కాగితం మీద రాసుకున్నది, నిజంగా సాగులోకి వచ్చింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఎంత నేలను తీసుకుని వాడకుండా ఉంచారో ఎవరికైనా కనబడుతుంది. అర్జీకి అంతకంటే గట్టి ఆధారం నేను కోరుకోను.

ఒప్పందం బయటపడటమే ఎంత పెద్ద విషయమో మడగాస్కర్‌లో తేలింది. 2008లో దక్షిణ కొరియాకు చెందిన దేవూ సంస్థ అక్కడ 13 లక్షల హెక్టార్లను 99 ఏళ్ల కౌలుకు తీసుకోబోతున్నదని పత్రికల్లో వచ్చింది. జనాగ్రహం రేగింది, మరుసటి ఏడాది ప్రభుత్వమే మారింది, కొత్తగా వచ్చినవారు ఆ ఒప్పందాన్ని రద్దు చేశారు. అది ఈ కూటమి ఘనత అని నేననను. గుట్టుగా ఉండి ఉంటే మాత్రం ఆ నేల చేజారేదే.

రెండో జవాబు

కూటమిని మొదలుపెట్టినవారిలో ప్రపంచ బ్యాంకు కూడా ఉంది కదా! పెద్ద పెట్టుబడులను ప్రోత్సహించేవారూ, వాటివల్ల నేల పోగొట్టుకున్నవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే ఎవరి మాట చెల్లుతుంది? స్వచ్ఛంద మార్గదర్శకాలు ఎన్ని రాసినా, పాటించకపోతే అడిగేవారు లేరు.

మొదటి జవాబు ఇచ్చినవారు

అనుమానం న్యాయమైనదే. అయినా ఆ బల్ల మీద 2011లో ఏం రాశారో చూడండి. అల్బేనియా రాజధాని టిరానాలో ఈ కూటమి చేసిన ప్రకటనలో భూ ఆక్రమణ అంటే ఏమిటో తేల్చారు. ఆ నేల మీద బతికేవారు అన్ని వివరాలు తెలుసుకుని, ముందుగా, స్వేచ్ఛగా సమ్మతించకపోతే అది ఆక్రమణే. ఒప్పందంలో బాధ్యతలు స్పష్టంగా లేకపోయినా ఆక్రమణే. స్త్రీల సమాన హక్కుకు భంగం కలిగినా అంతే. మరుసటి ఏడాది మే నెలలో, ప్రభుత్వాలు సభ్యులుగా ఉండే ఐక్యరాజ్యసమితి వేదిక ప్రపంచ ఆహార భద్రతా కమిటీ భూ యాజమాన్యం మీద ఆమోదించిన మార్గదర్శకాలు స్వచ్ఛందమే, నిజం. కానీ సంప్రదాయ హక్కులకు కాగితం లేకపోయినా గుర్తింపు ఇవ్వాలన్న మాటకు ప్రభుత్వాలే తలూపాయి. ఆ మాటను అర్జీలో ఎత్తి చూపితే అధికారి వెంటనే కొట్టిపారేయలేడు.

స్త్రీల సంగతి నాకు మరీ బాధ కలిగిస్తుంది. పొలం పని అంతా ఆమెదే, పత్రం మీద పేరు మాత్రం భర్తది. అతను చనిపోతే అతని అన్నదమ్ములు హద్దు రాళ్లు జరుపుతారు. భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలని ఏ సంస్థ అడిగినా నేను దాని పక్షమే.

ప్రశ్న అడిగినవారు

వ్యాసానికి దారి దొరికింది, ధన్యవాదాలు. ఒక దేశాన్ని తీసుకుని ల్యాండ్ మ్యాట్రిక్స్‌లో ఆ మూడు విస్తీర్ణాలను పోల్చి చూస్తాను.

మూడో జవాబు

దానితోపాటు ఈ కూటమి, పేదరికం మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ కలిసి 2020లో తెచ్చిన నివేదిక కూడా చదవండి. అతి పెద్దవైన 1 శాతం కమతాల చేతిలోనే ప్రపంచ సాగుభూమిలో 70 శాతానికి పైగా ఉందని అందులో తేలింది. ఒప్పందాల లెక్క ఒక్కటే చూస్తే ఈ కేంద్రీకరణ కనబడదు.