ఎమ్మెస్సీ బయోటెక్, పదేళ్ళ గ్యాప్. ల్యాబ్ ఉద్యోగం కోసం కమ్యూనిటీ కాలేజీలో చేరమంటారా?

మోరిస్‌విల్_సత్తెనపల్లి:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు ఏం చేయాలో తోచక రాస్తున్నా, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను 2013లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేశాను. ఒక ఏడాది ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పాను, తర్వాత పెళ్ళి, అమెరికా, ఇద్దరు పిల్లలు. చిన్నది ఈ ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలకిచ్చే వీసా) మీద పనిచేయడానికి అనుమతి కార్డు, ఈఏడీ కూడా చేతికొచ్చింది. మేం ఉండేది నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్. ఇక్కడ ఎటు అరగంటో ముప్పావుగంటో పోయినా ఏదో ఒక బయోటెక్ కంపెనీ కనిపిస్తుంది. ఆర్‌టీపీలో (రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్) బయోజెన్, క్లేటన్‌లో నోవో నార్డిస్క్, హోలీ స్ప్రింగ్స్‌లో ఫ్యూజీఫిల్మ్, ఆమ్జెన్. నలభైకి పైగా ఉద్యోగాలకు అప్లై చేశాను, ఒక్క ఫోన్ కూడా రాలేదు.

నిజం చెప్పాలంటే నాకు పట్టా ఉంది గానీ పని చేతికి రాలేదు. మా కాలేజీలో డీఎన్ఏకి కాపీలు తీసే పీసీఆర్ మిషన్ ఒక్కటే. సార్ చేస్తుంటే ముప్పై మందిమి చుట్టూ నిలబడి చూసి, వచ్చి రికార్డు రాసుకున్నాం. రికార్డులో బొమ్మలు బాగా వేసినందుకు నాకు మంచి మార్కులే వచ్చాయి. నా అంతట నేను పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) పట్టుకున్న సందర్భాలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మొన్న లైబ్రరీలో వేక్ టెక్ అనే కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ డిగ్రీలూ, చిన్న చిన్న కోర్సులూ నేర్పే స్థానిక కాలేజీ) వాళ్ళ బయోవర్క్ కోర్సు కాగితం చూశాను. హైస్కూల్ చదువు ఉంటే చాలట. మా వారు నీ ఇష్టం అంటున్నారు. మా ఆడపడుచు మాత్రం "ఎమ్మెస్సీ చేసి హైస్కూల్ పాసైన పిల్లల పక్కన కూర్చుంటావా వదినా" అంది, అప్పట్నుంచి అదే మనసులో మెదులుతోంది. తెలిసినవాళ్ళంతా టెస్టింగ్ కోర్సు చేసి ఐటీలోకి వచ్చేయమంటున్నారు. నాకు ల్యాబ్ అంటేనే ఇష్టం. ఈ కోర్సుతో నిజంగా ల్యాబ్‌లోకి వెళ్ళొచ్చా, లేక మందులు తయారుచేసే ప్లాంట్‌లోనే ఉండిపోతామా? చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.


డర్హమ్_లక్ష్మి:

నేను చేశానండి, అదే కోర్సు, డర్హమ్ టెక్‌లో సాయంత్రం బ్యాచ్. నాదీ ఎమ్మెస్సీయే, మైక్రోబయాలజీ, గ్యాప్ ఎనిమిదేళ్ళు. మీ ఆడపడుచు అన్న మాట మా ఇంట్లో మా అమ్మే అంది, ఫోన్‌లో.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. బయోవర్క్ అనేది ప్రాసెస్ టెక్నీషియన్‌గా తయారు చేసే కోర్సు, అంటే మందు తయారయ్యే చోట పని. 130 గంటలకు కాస్త పైన, ఒక సెమిస్టర్‌లో అయిపోతుంది. నాకు ఫీజు అన్నీ కలిపి 200 డాలర్లు దాటి కొంచెం అయింది. ఇక్కడ చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఉంది, క్లేటన్ వైపు వాళ్ళయితే జాన్‌స్టన్‌లో చేస్తారు.

అక్కడ ఏం నేర్చుకున్నానంటే, మొదటి వారాల్లోనే ఒక రోజు మేడమ్ అందరి ముందూ ఒక్కో బ్యాలెన్స్ పెట్టించి, 100 మైక్రోలీటర్ల నీళ్ళు పిపెట్‌తో తీసి కప్పులో వదిలి బరువు చూడమన్నారు. 0.1 గ్రాము రావాలి. నాకు మొదటిసారి 0.093 వచ్చింది, తర్వాత 0.106, తర్వాత మళ్ళీ తక్కువ. పక్కన కూర్చున్న పంతొమ్మిదేళ్ళ పిల్లాడికి పదిసార్లూ సరిగ్గా వస్తోంది. మేడమ్ వచ్చి నా బొటనవేలు చూసి, "నువ్వు బటన్‌ని టక్కున వదిలేస్తున్నావు, గాలి పీలుస్తోంది" అన్నారు. మొదటి ఆపు దాకా నొక్కి, టిప్‌ని (పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొన) రెండు మూడు మిల్లీమీటర్లే ముంచి, వేలిని మెల్లగా పైకి రానిచ్చి, ఒక క్షణం ఆగి తీయాలి. వదిలేటప్పుడు రెండో ఆపు దాకా నొక్కాలి. రెండేళ్ళ ఎమ్మెస్సీలో ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికొస్తూ కార్లో ఏడ్చాను, కానీ మర్నాటి నుంచి సిగ్గు పోయింది.

ఇంకొకటి రాత. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన పొడి అక్షరాలు, తేదీ, కారణం రాయాలి. వైట్‌నర్ లేదు, పెన్సిల్ లేదు, అరచేతి మీదో టిష్యూ మీదో రాసుకుని తర్వాత ఎక్కించడం లేదు. చేసిన పని అప్పుడే రాయాలి, రాయకపోతే చేయనట్టే లెక్క. మనకి రికార్డు రాత్రి కూర్చుని రాసే అలవాటు కదా, అది పోగొట్టుకోవడానికి నాకు నెల పట్టింది.

ఉద్యోగం గురించి దాచకుండా చెప్తాను. నేను మొదట మాన్యుఫాక్చరింగ్‌లోనే చేరాను, పన్నెండు గంటల నైట్ షిఫ్ట్, ఒక వారం రెండు రోజులు, ఇంకో వారం ఐదు రోజులు. మా వారు పిల్లల్ని చూసుకోబట్టి సాగింది. పద్నాలుగు నెలలకి అదే కంపెనీలో క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్, మందు నాణ్యత పరీక్షించే ల్యాబ్) ఖాళీ పడితే మారాను, ఇప్పుడు పగలే. అంటే ప్లాంట్ మీదుగా ల్యాబ్‌లోకి దారి ఉంది, కాకపోతే ఇంట్లో మీ షిఫ్ట్ మాట ముందే మాట్లాడుకోండి.

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా: క్లీన్‌రూమ్‌లోకి (దుమ్ము, క్రిములు చేరకుండా ఉంచే గది) గాజులు, నల్లపూసలు, ఉంగరం, బొట్టు, కాటుక ఏవీ పనికిరావు. తాళి తీయడానికి నాకు మొదట్లో ప్రాణం ఒప్పలేదు. డ్యూటీకి వెళ్ళేముందు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి వెళ్తాను, రాగానే వేసుకుంటాను.


క్యూసీ_మైక్రో:

నేను ఇక్కడే ఒక కంపెనీలో క్యూసీ మైక్రోబయాలజీ సూపర్‌వైజర్‌ని. రాకముందు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో మూడేళ్ళు ఇదే పని చేశాను. ఏడాదికి కొన్ని ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి బల్లకి ఇవతలి వైపు నుంచి చెప్తాను.

మన వాళ్ళ రెజ్యూమేలు వస్తాయండి, ఇరవై టెక్నిక్‌లు వరసగా రాసి ఉంటాయి, పీసీఆర్, ఎలైజా, వెస్టర్న్ బ్లాట్, హెచ్‌పీఎల్‌సీ. నేను వాటిలో ఒక్కదాన్ని పట్టుకుని లోతుగా అడుగుతాను. చూసిన పనీ చేసిన పనీ రెండో ప్రశ్నకే తెలిసిపోతాయి. నా మామూలు ప్రశ్న ఇది: ఒకటికి పది చొప్పున ఆరు ట్యూబుల సీరియల్ డైల్యూషన్ (ఒక ట్యూబ్‌లోంచి తర్వాతి దాంట్లోకి వరసగా పలచన చేయడం) చేయండి, ఎలా చేస్తారో చెప్పండి. 9 మిల్లీలీటర్లలో 1 కలుపుతానని అందరూ చెప్తారు. ప్రతి ట్యూబ్‌కీ టిప్ మారుస్తానని, బాగా కలిపాకే తర్వాతి దానికి వెళ్తానని అడక్కుండా చెప్పేవాళ్ళు తక్కువ. వాళ్ళు చేతులతో చేసినవాళ్ళు.

రెండో ప్రశ్న: రిజల్ట్ స్పెసిఫికేషన్ (ఉండాల్సిన హద్దు) దాటింది, మొదట ఏం చేస్తారు? పదిమందిలో సగం మంది "మళ్ళీ టెస్ట్ చేస్తాను" అంటారు. అక్కడే నా మనసు చివుక్కుమంటుంది. ట్యూబులూ ప్లేట్లూ ఏవీ పారేయకుండా అలాగే ఉంచి, ముందు సూపర్‌వైజర్‌కి చెప్పాలి. ఎందుకు తప్పిందో చూడకుండా మళ్ళీ చేసి మంచి అంకె రాసుకుంటే, చివర్లో ఆ ఇంజెక్షన్ వేసుకునే మనిషికి జవాబుదారీ ఎవరు? కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు ఈ ప్రశ్నకి తడుముకోరు, ఎందుకంటే అక్కడ మొదటి రోజు నుంచీ జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నియమాలు) నూరిపోస్తారు. నా టీమ్‌లో బాగా పనిచేసే ఇద్దరు ఆ దారినే వచ్చారు.

ఇక మీ ఎమ్మెస్సీ గురించి. అది బరువు కాదు, కానీ టెక్నీషియన్ పోస్టుకి ఎమ్మెస్సీ వాళ్ళు వస్తే, ఆర్నెల్లలో వెళ్ళిపోతారేమోనని మాకు అనుమానం ఉంటుంది. ఇంటర్వ్యూలో మీరే ఆ మాట ఎత్తండి, ఫలానా కారణంతో ఇక్కడ మొదలుపెడుతున్నానని. పిల్లల కోసం ఆగానని గ్యాప్ గురించి ఒక్క ముక్కలో చెప్పేయండి, దాని గురించి ఎవరూ తవ్వరు. ఏజెన్సీ ద్వారా వచ్చే ఆరు నెలల, ఏడాది కాంట్రాక్టుల్ని చిన్నచూపు చూడొద్దు. మా దగ్గర పర్మనెంట్ అయినవాళ్ళలో చాలామంది అలా వచ్చినవాళ్ళే.


ఫ్రీమాంట్_రావు:

పై ఇద్దరూ మంచి మాటలే చెప్పారు, కానీ ఒక చోట నేను ఒప్పుకోను. ఆవిడకి ల్యాబ్ అంటే ఇష్టం అంటున్నారు. బయోవర్క్ ఒక్కటే నమ్ముకుంటే రెండేళ్ళు ట్యాంకుల దగ్గరే గడిచిపోవచ్చు, క్యూసీలో ఖాళీ ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. దాంతోపాటు ఒక సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలు పెంచడం) క్లాసో, ప్రొటీన్ క్లాసో ల్యాబ్‌తో సహా తీసుకోండి. మీ వైపు అలమాన్స్ కమ్యూనిటీ కాలేజీలో బయోటెక్నాలజీ కోర్సు ఉంది, దూరం ఎక్కువైనా ఒకసారి వెళ్ళి వాళ్ళ ల్యాబ్ చూడండి. అలాగని రెండేళ్ళ డిగ్రీలో మాత్రం చేరకండి, ఇంగ్లిషూ లెక్కలూ మళ్ళీ చదవాల్సి వస్తుంది, ఎమ్మెస్సీ ఉన్న మీకు ఆ ఖర్చూ కాలమూ దండగ. సర్టిఫికెట్ చాలు.

మా ఆవిడ ఇక్కడ న్యూఆర్క్‌లో ఓలోనీ కాలేజీలో అలాగే చేసింది. న్యూజెర్సీది కాదు, మా ఫ్రీమాంట్ పక్కనున్న న్యూఆర్క్. కాలిఫోర్నియా రెసిడెంట్లకు యూనిట్ 46 డాలర్లే, కాకపోతే రెసిడెంట్ కాకముందు చేరితే ఫీజు వాచిపోతుంది, చూసుకోవాలి. వేరే రాష్ట్రాల వాళ్ళు ఇది చదువుతుంటే, ఇన్నోవేట్‌బయో అని ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీ కేంద్రంగా నడిచే జాతీయ సంస్థ ఉంది, ఏ ఊళ్ళో ఏ కాలేజీలో బయోటెక్ కోర్సు ఉందో వాళ్ళ దగ్గర దొరుకుతుంది.

వీసా మాట కూడా. హెచ్4 మీద చదువుకోవడానికి ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారక్కర్లేదు. పనికి మాత్రం ఈఏడీ ఉండాలి, జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్ అయినా సరే. 2025 అక్టోబర్ 30 నుంచి ఫైల్ చేసే ఈఏడీ రెన్యూవల్స్‌కి, కొత్త కార్డు వచ్చేలోగా పాతదాని మీదే పని చేసుకోనిచ్చే ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు, కార్డు గడువు అయిపోతే కొత్తది వచ్చేదాకా పని ఆపాల్సిందే. 180 రోజుల ముందు నుంచి ఫైల్ చేయొచ్చు, ఆ మొదటి రోజునే చేసేయండి.


మోరిస్‌విల్_సత్తెనపల్లి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. లక్ష్మక్కా, తాళి సంగతి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను, ఇంట్లో మా అత్తయ్యగారికి కూడా చదివి వినిపించాను. ఆవిడ "ఉద్యోగానికి పోయేది మందు కోసమే కదా, తీస్తే ఏం పోతుంది" అన్నారు.

మంగళవారం బయోవర్క్ ఇన్ఫర్మేషన్ సెషన్‌కి వెళ్ళొచ్చాను. నేను అనుకున్నట్టు అంతా చిన్నపిల్లలు కాదు. రెస్టారెంట్‌లో పదిహేనేళ్ళు వంట చేసిన ఆయన, ఆర్మీ నుంచి వచ్చిన అమ్మాయి, నాకంటే పెద్ద వయసు వాళ్ళు ముగ్గురు ఉన్నారు. ఫాల్ సెమిస్టర్‌కి పేరు ఇచ్చేశాను. సెల్ కల్చర్ క్లాసు సంగతి దాని తర్వాత చూస్తాను, రావుగారూ.

క్యూసీ అన్నా, ఇంకా రెండు నెలలు టైముంది, ఈలోగా ఇంట్లో కూర్చుని ఏం ప్రాక్టీస్ చేయొచ్చు?


క్యూసీ_మైక్రో:

లెక్కలు చేయండి. పిపెట్ వాళ్ళు నేర్పిస్తారు, లెక్క దగ్గర తడబడితేనే అందరూ వెనకబడతారు. రోజుకి ఐదు డైల్యూషన్ లెక్కలు, క్యాలిక్యులేటర్ లేకుండా. ఒకటి ఇప్పుడే ఇస్తున్నా: 95 శాతం ఆల్కహాల్ ఉంది, 70 శాతంది 500 మిల్లీలీటర్లు కావాలి, ఎలా చేస్తారు?


మోరిస్‌విల్_సత్తెనపల్లి:

70ని 500తో గుణించి 95తో భాగించాను, 368 వచ్చింది. కాబట్టి 368 మిల్లీలీటర్ల ఆల్కహాల్, 132 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి కలుపుతాను. కరెక్టేనా?


క్యూసీ_మైక్రో:

368 కరెక్ట్. నీళ్ళు మాత్రం విడిగా 132 కొలవకూడదమ్మా. ఆల్కహాలూ నీళ్ళూ కలిస్తే పరిమాణం కాస్త తగ్గుతుంది, మీకు 500 రాదు. 368 ఆల్కహాల్ కొలజాడీలో పోసి, నీళ్ళు పోస్తూ 500 గీత దాకా తేవాలి, గీత చూసేటప్పుడు కన్ను దానికి సమానంగా ఉండాలి. తర్వాత సీసాలో పోసి, లేబుల్ మీద పేరు, శాతం, చేసిన తేదీ, గడువు తేదీ, మీ పొడి అక్షరాలు.